వెలుగు ఎవరి పక్షం?

మా ఇంటి ముందుగదిలో అమ్మ ఫోటో ఉంది. దండ వేసి, కింద చిన్న ఎర్రబల్బు పెట్టి, అందరిళ్లలో ఉన్నట్టే ఉంది. 2016లో అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ నాటికి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికాం. నాన్నవి పాస్‌పోర్టు సైజు ఫోటోలు డజను దొరికాయి. అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. ఓటరు కార్డు మీది బొమ్మ మాకే గుర్తుపట్టేలా లేదు. చివరికి 2001 నాటి అక్క పెళ్లి ఆల్బమ్‌లో, వధూవరులకు బాగా వెనక, పందిరి గుంజ పక్కన, చేతిలో పళ్లెంతో అమ్మ కనిపించింది. ఆ ముఖం వరకు కత్తిరించి పెద్దది చేయించడానికి హనుమకొండలో ఒక స్టూడియోకి నేనే వెళ్లాను.

కంప్యూటర్ తెర మీద అమ్మ ముఖం వచ్చింది. మసగ్గా, నల్లగా. స్టూడియో అతను ఏమీ అడగలేదు. నేనే అన్నాను, "కొంచెం తెల్లగా చెయ్యండి" అని.

అప్పటికి నేను తెలుగు కవిత్వంలో స్త్రీ దేహం గురించి పరిశోధన చేస్తున్నాను. దేహవర్ణనల మీద ఒక అధ్యాయం పూర్తిచేసి నెల కూడా కాలేదు. స్త్రీ శరీరాన్ని పురుషుడి చూపు ఎలా తయారుచేస్తుందో పేజీలకు పేజీలు రాసినదాన్ని. ఆ అధ్యాయంలో ఒక్క వాక్యం కూడా స్టూడియో కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు అడ్డురాలేదు.

పెద్దకర్మ నాడు చుట్టాలందరూ ఫోటో బాగుందన్నారు. "ఎంత కళగ ఉన్నదో" అన్నారు. ఒక్క అక్క కూతురు మాత్రం, అప్పటికి దానికి పదమూడేళ్లు, ఫోటో ముందు నిలబడి, "అమ్మమ్మ గిట్ల లేకుండె గదా" అంది. ఎవరో దాన్ని పక్కకు తీసుకెళ్లారు. ఆ మాట మాత్రం పక్కకు పోలేదు. ఇన్నేళ్లుగా నాతోనే ఉంది.

ఆ పిల్లే ఇప్పుడు ఫోటోగ్రాఫర్ అయింది. వరంగల్‌లో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఒక బృందంలో పనిచేస్తోంది. మొన్న నా వ్యాసాల పుస్తకం వెనక అట్ట మీదికి ఫోటో కావాల్సి వచ్చి దాన్నే అడిగాను. పెద్ద సంచీ మోసుకుని వచ్చింది. అందులోంచి ఒక తెల్లటి గిన్నెలాంటిది తీసింది. మన ఇళ్లలో పెరుగన్నం కలిపే బేసినంత ఉంది. లోతు తక్కువ. నడిమధ్యలో చిన్న పళ్లెంలాంటి రేకు బిగించి ఉంది. "ఏందే ఇది?" అంటే, "బ్యూటీ డిష్ చిన్నమ్మా" అంది.

ఆ పేరు వినగానే నాకు చిరాకేసింది. అందపు గిన్నె! మన ముఖాల మీదికి ఇంకొక పరికరం వచ్చిందన్నమాట అనుకున్నాను. దాని పని చూశాక ఆ చిరాకు ప్రశ్నగా మారింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

అది ఎలా పనిచేస్తుందో మా పిల్ల చెప్పినట్టే చెబుతాను. ఫ్లాష్ దీపం గిన్నె అడుగున ఉంటుంది. ముందున్న చిన్న పళ్లెం ఆ దీపానికి అడ్డుపడుతుంది. దీపం వెలుగు నేరుగా మన ముఖానికి తగలదు. పళ్లేనికి కొట్టుకుని వెనక్కి గిన్నెలోకి పోయి, గిన్నె గోడల మీద పరుచుకుని, అప్పుడు చుట్టూ అంచుల నుంచి బయటికొస్తుంది. వెలుగు ఒక బిందువు నుంచి కాక ఒక వలయం నుంచి వస్తుందన్నమాట. ఉత్త ఫ్లాష్ వేస్తే నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. గుడ్డ కప్పిన పెద్ద పెట్టె, సాఫ్ట్‌బాక్స్ అంటారు, అది వేస్తే నీడలు బాగా మెత్తబడి ముఖం చదునుగా కనిపించవచ్చు. బ్యూటీ డిష్ ఈ రెంటికీ మధ్యది. నీడను పోగొట్టదు, దాని అంచును మాత్రం మెత్తబరుస్తుంది. చెంప ఎముక కింద, గదువ కింద, ముక్కు కింద నీడ ఉంటుంది. దానివల్ల ముఖానికి ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

మా పిల్ల డిష్ ఇరవైరెండు అంగుళాలది. దాన్ని నా ముఖానికి ఎదురుగా, కొంచెం ఎత్తులో, కిందికి వంచి, రెండడుగుల దూరంలో పెట్టింది. "గింత దగ్గరనా?" అన్నాను. గిన్నె వెడల్పు ఎంతో సుమారుగా అంత దూరం నుంచి దానికి రెట్టింపు దూరం దాకా పెడితేనే దాని గుణం తెలుస్తుందట. ఇంకా దూరం జరిపితే మామూలు దీపానికీ దీనికీ తేడా ఉండదట. లోపల తెల్ల రంగుంటే వెలుగు మెత్తగా, వెండి రంగుంటే చురుగ్గా ఉంటుందని చెప్పింది. "జర గదువ కిందికి వంచు. కండ్లు ఆర్పకు" అంది.

కెమెరా తెర మీద నన్ను చూపించింది. నా రంగు నా రంగే. ఒక్క ఛాయ కూడా తెల్లబడలేదు. కానీ చెంప మీద, నుదుటి మీద వెలుగు నిలిచిన చోట్లున్నాయి. ఫోటోల్లో నేనెప్పుడూ ఒక నల్లటి మరకలా ఉంటాననుకునేదాన్ని. ఇప్పుడు అందులో ఒక ముఖం ఉంది. నా కళ్లలో ఒక్కో వెలుగు ఉంగరం, దాని మధ్యలో అడ్డుపళ్లెం తాలూకు నల్లటి చుక్క ఉన్నాయి.

"ఇది కూడ అబద్ధమే కదనే, నేను రోజూ ఇట్ల ఉండను కదా" అన్నాను. "మరి ఎట్లుంటవ్ చిన్నమ్మా? ట్యూబులైటు కిందనా, ఎండలనా?" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ముఖానికి అసలు రూపం ఒకటుంటుందనీ, వెలుగు దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపడమో వక్రీకరించడమో చేస్తుందనీ మనం అనుకుంటాం. వెలుగు లేకుండా కనబడే ముఖం ఏదీ లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్ల కింద గుంతలు తవ్వుతుంది. ట్యూబులైటు పాలిపోయేలా చేస్తుంది. గుర్తింపు కార్డు ఫోటో నేరస్తురాలిలా చూపిస్తుంది. వీటిలో ఏది నిజం? సహజమైన వెలుగు నిజం, కృత్రిమమైనది అబద్ధం అని గీత గీయడం సులభమే కానీ ఆ గీత నిలబడదు. ప్రతి వెలుగూ ఎవరో ఒకరి నిర్ణయం, లేదా ఎవరూ పట్టించుకోకపోవడం. పట్టించుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే.

సాంకేతికత రాజకీయాలకు అతీతమనుకునేవాళ్లు ఫోటో చరిత్రను కొంచెం చూడాలి. 1950ల నుంచి కోడాక్ కంపెనీ రంగు ఫోటోల ల్యాబులకు నమూనా కార్డులు పంపేది. వాటి మీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. తొలి మోడల్ పేరు మీదుగా వాటిని షర్లీ కార్డులన్నారు. ల్యాబులో రంగులు సరిచేసేవాళ్లకు షర్లీ చర్మం బాగా వస్తే అన్నీ బాగా వచ్చినట్టే. నల్లటి ముఖాలు అదే ఫిల్ము మీద వివరాలు పోయి, కళ్లూ పళ్లూ మాత్రమే కనిపించే ముద్దలుగా వచ్చేవి. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని గురించి వివరంగా రాశారు. ముదురు గోధుమ రంగుల్లో తేడాలు సరిగా రావడం లేదని చాక్లెట్ల కంపెనీలూ, కలప ఫర్నిచర్ కంపెనీలూ ఫిర్యాదు చేయడం ఫిల్ము మెరుగుపడటానికి ఒక కారణమని ఆమె పరిశోధన చెబుతుంది. మనుషుల ముఖాలు చెప్పలేకపోయినదాన్ని చాక్లెట్లు చెప్పాయన్నమాట! వేరువేరు వర్ణాల స్త్రీలున్న కార్డులు 1990ల దాకా రాలేదు.

అంతకు ముందు నెగెటివ్‌ల కాలంలో మన స్టూడియోల్లోనూ టచింగ్ అని ఒక పని ఉండేది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద ముఖాన్ని దిద్దేవాళ్లు. నెగెటివ్ మీద నల్లగా గీసిన చోటు ప్రింటులో తెల్లగా వస్తుంది. ఎన్ని పెళ్లిచూపుల ఫోటోల్లో ఎంతమంది అమ్మాయిల చెంపల మీద అట్లా నల్ల పెన్సిలు గీతలు తెల్లదనంగా మారాయో! ఇప్పుడు ఆ పెన్సిలు కూడా అక్కర్లేదు. చాలా ఫోన్లు మనల్ని అడక్కుండానే ఆ పని చేసిపెడుతున్నాయి.

మన భాషలో ఈ విషయానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. పసిమి ఛాయ, చామనఛాయ, రంగు తక్కువ. తక్కువ అంటే ఏం తక్కువ? నల్లటి పిల్లకు రంగు ఉంది, ఇంకా చిక్కగా ఉంది. అయినా తక్కువే. "నల్లగా ఉన్నా కళగా ఉంటుంది" అంటారు. ఆ వాక్యంలోని "ఉన్నా" అనే మాట దగ్గర ఆగండి. అక్కడ ఒక క్షమాపణ ఉంది. పిల్ల తరఫున తల్లి, తల్లి తరఫున పిన్ని, ఎన్ని తరాలుగానో ఈ క్షమాపణ చెప్పుకుంటూనే ఉన్నారు. గోపికలు వెదుకుతూ తిరిగిన నల్లటి కృష్ణుణ్ణి బమ్మెర పోతన మన పక్కనే కూర్చుని వర్ణించాడు. అక్కడ "ఉన్నా" లేదు. మగదేవుడికి అవసరం లేని క్షమాపణ ఆడపిల్లకు ఎందుకో మనకు తెలుసు. ఆమె ముఖం పెళ్లి సంతలో ధర పలకాల్సిన వస్తువు.

1975లో లారా మల్వీ సినిమాలో పురుషుడి చూపు గురించి రాసిన వ్యాసం అచ్చయింది. అదే ఏడాది మన దేశపు మార్కెట్లోకి ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. ఆ వ్యాసాన్ని నేను పరిశోధనలో చేరాక చదివాను. ఆ ట్యూబు మా ఇంట్లో నేను పుట్టకముందే ఉంది. ఏది ముందు నా లోపలికి పోయిందో వేరే చెప్పాలా? 2020లో ఆ క్రీము పేరులోంచి తెలుపన్న మాట తీసేసి గ్లో అని పెట్టారు. పేరు మారింది. అద్దంలో వెతుక్కునేది మారిందా?

ఇక్కడ ఒక మాట వస్తుంది. కెమెరా వెనక ఆడవాళ్లుంటే ఇదంతా మారదా అని. ఒకప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ముందుకు రాకుండా ఫోటో తీయించుకోగలిగారు. నూటముప్పై ఏళ్ల కిందట మన హైదరాబాదులో ఒక స్త్రీ కెమెరా వెనక నిలబడి ఇంకో స్త్రీని చూడటం చిన్న సంగతి కాదు. కానీ ఆ స్టూడియోను నడిపిన ఆమె కూడా మనకు భర్త ఇంటిపేరుతోనే తెలుసు. చోటు మారినంతలో చూపు మారదు. అమ్మ ఫోటో విషయంలో నిర్ణయం తీసుకున్నది నేను. ఆడదాన్ని, కూతుర్ని, స్త్రీవాదిని. పురుషుడి చూపు అక్కడ ఉండటానికి పురుషుడు అవసరం కాలేదు.

మరి చూపు ఎలా మారుతుంది? ఈ ఆలోచనతో ఉన్నప్పుడే పాలంపేట వెళ్లాం. రామప్ప గుడి మాకు కొత్తేం కాదు. బడి నుంచి ఒకసారి, యూనివర్సిటీ నుంచి నాలుగుసార్లు వెళ్లాను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక జనం పెరిగారు. గుడి ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద నిలబడ్డ మదనికలు మాత్రం నల్లరాయి. ఈసారి మా పిల్లతో కలిసి వెళ్లడంతో శిల్పాన్ని కాకుండా వెలుగును చూశాను. నున్నగా తేల్చిన నల్లరాతి భుజం మీద, నడుము వంపు మీద వెలుగు జారుతూ పోయి ఒకచోట నిలిచి మెరుస్తోంది. "చూసినవా, నల్లదానికి వెలుగు వేరే తీర్గ పనిచేస్తది" అంది.

దాని వెనక ఉన్న శాస్త్రం అది చెబితే తెలిసింది. చర్మం మీద పడిన వెలుగులో కొంత పైపొర మీదినుంచే తళుక్కున తిరిగొస్తుంది. మిగతాది లోపలికి పోయి చర్మపు రంగును మోసుకుని బయటికొస్తుంది. ఈ రెండోది నల్లటి చర్మంలో తక్కువ, తెల్లటి చర్మంలో ఎక్కువ. మొదటిది, ఆ పైపైన మెరిసే తళుకు, అందరికీ దాదాపు ఒకటే. కాబట్టి నల్లటి ముఖాన్ని చూపించాలంటే వెలుగు కుమ్మరించి దాన్ని తెల్లబరచనక్కర్లేదు. తళుకు ఎక్కడ పడాలో, ఎంత మేర పరుచుకోవాలో చూసుకుంటే చాలు, ఆకారం అదే పలుకుతుంది. తెలుగులో దీనికి నిగారింపు అని మంచి మాట ఉంది. నిగారింపు రంగు కాదు. రంగు వేరు, నిగారింపు వేరు అని మన భాషకు తెలుసు. మనమే మర్చిపోయాం.

మదనికలను చూసి మురిసిపోయి ఊరుకోవాలని కాదు. ఆ నడుములూ ఆ భంగిమలూ మగ శిల్పి చూపులోంచి వచ్చినవే. ఆ కొలతలతో బతికిన స్త్రీ ఎవరూ లేరు. కానీ ఒక్క విషయంలో ఆ శిల్పి మన స్టూడియోల కన్నా మెరుగు. నలుపును లోపంగా చూడలేదు. దాని మీద పనిచేశాడు గానీ దాన్ని పోగొట్టలేదు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి అక్క పెళ్లి ఆల్బమ్ దించాను. అమ్మ ఉన్న ఆ ఫోటో మా పిల్లకు చూపించి, నేను ఆ రోజు స్టూడియోలో అన్న మాట మొదటిసారి ఒకరితో చెప్పాను. అది తిట్టలేదు. ఫోటోను దీపం కిందికి జరిపి చాలాసేపు చూసింది. "ఫ్లాష్ అమ్మానాన్నల మీదికి కొట్టిండు. అమ్మమ్మ ఎంత వెనకకు ఉన్నదో చూడు. దూరం రెండింతలయితె వెలుగు నాలుగోవంతే మిగుల్తది. ఈడ నల్లగ కనబడేదంత రంగు కాదు చిన్నమ్మా. దూరం" అంది.

నాకు కాసేపు మాట రాలేదు. అమ్మ నల్లగానే ఉండేది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, "అయ్యో, అమ్మ అసలు నల్లగా లేదు" అని సంబరపడాల్సిందీ లేదు. అట్లా సంబరపడితే మళ్లీ అదే గుంతలో పడినట్టు. కానీ ఆ ఫోటోలో రెండు నలుపులున్నాయి. ఒకటి అమ్మ రంగు. రెండోది అమ్మ నిలబడ్డ చోటు. పెళ్లికూతురి తల్లి అయ్యుండి కూడా, చేతిలో పళ్లెంతో, ఎవరికి ఏం కావాలో చూస్తూ, వెలుగు అందని చోట నిలబడింది. ఆల్బమ్ నిండా ఆమె అట్లాంటి చోట్లలోనే ఉంది. గుంజ చాటున, పొయ్యి దగ్గర, ఎవరి భుజం వెనకో. వెలుగు ఎవరికి కావాలో ఆ పందిట్లో ముందే నిర్ణయమైపోయింది. తీరాల్సింది వెలుగు లోటు. నేను రంగు లోటనుకుని దాన్ని తీర్చాను.

నా ప్రశ్నకు జవాబు ఇక్కడుందని నాకనిపించింది. ఒక మనిషికి వెలుగునివ్వడం వేరు, తెలుపునివ్వడం వేరు. మొదటిది ఆమె దగ్గరికి వెళ్లడం. ఆమె ఎముకల ఎత్తుపల్లాలు, చర్మం తీరు తెలుసుకుని దీపం ఎక్కడుండాలో చూసుకోవడం. రెండోదానికి ఆమెను చూడనక్కర్లేదు. ఆమెను చూడబోయే వాళ్లు ఎవరో తెలిస్తే చాలు. వెలుగు కృత్రిమమా సహజమా అన్నది కాదు ప్రశ్న. అది ఎవరికి జవాబుదారీ అన్నది. కెమెరా ముందున్న మనిషికా, ఆ ఫోటో చూసి తూకం వేసే కళ్లకా?

ఇంత తేలిగ్గా తేల్చేశానని మా పిల్ల ఒప్పుకోలేదు. "మొన్న ఒక పెళ్లిల పెండ్లిపిల్లనే అడిగింది. జర తెల్లగ చెయ్యక్కా, లేకుంటె మా అత్త ఆల్బమ్ చూసి మల్ల మాటంటది అని. ఏం చెయ్యాలె?" అంది. "ఏం చేసినవ్?" అన్నాను. "చేసిన. ఆల్బమ్ పట్టుకొని ఆ ఇంట్ల బతికేది ఆమె. నేను కాదు, నువ్వు కాదు" అంది.

నిజమే. నా సిద్ధాంతం నిలబడటానికి ఇంకొక అమ్మాయి ముఖాన్ని పణంగా పెట్టే హక్కు నాకు లేదు. తెల్లబరచమని అడిగేవాళ్లను నిందించడం మనం చాలాకాలం చేసిన తప్పు. అడిగినవాళ్లకు చైతన్యం లేదంటాం. చైతన్యం ఉన్నదాన్ననుకున్న నేనే అడిగాను కదా! కానీ మా పిల్ల ఒక పని చేస్తుందట. మొదట దగ్గర దీపం పెట్టి, నిదానంగా తీసి, ఏమీ దిద్దని ఫోటోను ఆ అమ్మాయికే చూపిస్తుంది. ఆ తర్వాతే దిద్దాలా అని అడుగుతుంది. కొందరు అప్పటికీ దిద్దమంటారు. కొందరు తెర వంక చూసి, "గిట్లనే ఉండనీ" అంటారు. వెలుగు సరిగా పడిన తమ ముఖం చాలామంది ఆడవాళ్లు ఒక్కసారైనా చూసుకోలేదు. చూడని దాన్ని ఎట్లా ఎంచుకుంటారు? ఎంపిక అంటే రెండూ కళ్లముందు ఉండాలి.

అమ్మ ఫోటోను మళ్లీ చేయిద్దామనుకున్నాం. పాత నెగెటివ్ దొరకలేదు. ఫోటోను స్కాన్ చేసి, మా పిల్ల రెండు రాత్రులు కూర్చుంది. నీడలో కలిసిపోయిన వివరం వెనక్కి రాదట. దీపం ఆ రోజే దగ్గరగా ఉండాల్సింది. ఇప్పుడు ఏ యంత్రమైనా ఇచ్చేది ఊహించిన అమ్మనే. అందుకే ముఖాన్ని కత్తిరించకుండా, పందిరి గుంజా పళ్లెమూ అన్నీ ఉన్న మొత్తం ఫోటోనే పెద్దది చేయించి, దండ వేసిన ఫోటో కింద పెడదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. "నా పెండ్లి ఫోటోకు దండ కింద చోటా?" అంది. తర్వాత నిదానంగా ఇంకో మాట కూడా అంది. "అమ్మకు ఈ తెల్ల ఫోటోనే నచ్చేది." అది అబద్ధమని నేననలేను. అమ్మను ఎవరం అడగలేదు.

పెళ్లి ఫోటో ఇప్పుడు నా రాతబల్ల మీదుంది. పుస్తకానికి బ్యూటీ డిష్‌తో తీసిన ఫోటోనే పంపాను, ఏ మార్పూ చేయవద్దని రాసి. వాళ్లు పంపిన అట్ట నమూనాలో నా ముఖం ఒక ఛాయ తేలిగ్గా ఉంది. ప్రింటు బాగా రావడానికి అందరికీ అట్లాగే చేస్తామన్నారు. నాది నాకు మార్చమని మళ్లీ రాశాను. అమ్మ కోసం అనాల్సిన మాట నా కోసం అంటున్నానన్న సిగ్గుతోనే రాశాను.